పాలిచ్చే తల్లులకు పుట్టగొడుగు కాఫీ క్షేమమేనా?

కర్నూలు, కడప జిల్లాలలో పుట్టగొడుగుల పెంపకం నేర్చుకోదలచిన మహిళల ప్రశ్నలు సాధారణంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి. స్పాన్ ఎక్కడ దొరుకుతుంది, ఎండాకాలంలో షెడ్డును ఎలా చల్లబరచాలి, అమ్ముడుపోగా మిగిలిన పంటను ఏమి చేయాలి. పుట్టగొడుగు కాఫీ పేరుతో ప్యాకెట్లు పట్టణాల అంగళ్లకు, ఫోన్లలోని అమ్మకపు యాప్‌లకు చేరిన తరువాత విస్తరణ శాస్త్రవేత్త మరొక ప్రశ్నకు కూడా సిద్ధపడవలసి వస్తున్నది. బిడ్డకు పాలిచ్చే తల్లి దీనిని తాగవచ్చునా?

ఈ ప్రశ్నకు సరైన చోటు దొరకడం కష్టం. ఆసుపత్రిలో వైద్యునికి కెఫీన్ సంగతి తెలుసును గాని ప్యాకెట్టులోని శిలీంధ్రజాతి ఏదో, అది దేనిపై పెరిగిందో ఆయన పరిశీలనకు రాదు. వ్యవసాయ శాస్త్రవేత్తకు శిలీంధ్రం తెలుసును గాని తల్లిపాలలోకి ఏ పదార్థం ఎంత చేరుతుందో ఆయన పాఠ్యాంశం కాదు. ఈ రెండింటి నడుమ ఖాళీలో అమ్మకందారుని మాటే శాస్త్రంగా చెల్లుబాటవుతుంది. పుట్టగొడుగు సహజ ఆహారం, కాఫీ రోజూ తాగేదే, కనుక రెండూ కలిస్తే హాని ఏముంటుందన్నది ఆ మాట. అందులో మొదటి రెండు వాక్యాలు చాలావరకు నిజమే. మూడవది వాటి నుంచి వచ్చే నిర్ణయం కాదు.

ఏ పుట్టగొడుగు?

ముందుగా పేరు దగ్గర ఆగవలసి ఉంది. తెలుగులో పుట్టగొడుగు అనగానే తొలకరి వానలకు పుట్టల మీద లేచే గొడుగు, లేదా శిక్షణ తరగతులలో చూపే ముత్యపు చిప్ప పుట్టగొడుగు, పాల పుట్టగొడుగు గుర్తుకు వస్తాయి. పుట్టగొడుగు కాఫీలో సాధారణంగా ఇవేవీ ఉండవు. ఉండేవి ఔషధ శిలీంధ్రాలుగా వ్యవహారంలో ఉన్న మరికొన్ని జాతులు. చైనా, జపాన్ దేశాల సంప్రదాయ వైద్యంలో పేరుపొందిన రీషి, అనగా గానోడెర్మా. చలి దేశాలలో బర్చ్ వృక్షాల కాండంపై నల్లని బొగ్గు గడ్డలా పెరిగే చాగా. తెల్లని కుచ్చుల వంటి లయన్స్ మేన్. ప్రయోగశాలలో నారింజ రంగు కాడలుగా పెంచే కార్డిసెప్స్ మిలిటారిస్. రంగుల చారలతో విసనకర్రలా ఉండే టర్కీ టెయిల్. వీటిని ఎండబెట్టి పొడి చేసి గాని, వేడినీటితోను ఆల్కహాలుతోను సారం తీసి గాని ఇన్‌స్టంట్ కాఫీలో కలుపుతారు.

లయన్స్ మేన్‌ను తూర్పు ఆసియా దేశాలలో కూరగా వండుకుంటారు. రీషి, చాగా మాత్రం కూరకు పనికిరావు. కొయ్య వలె గట్టిగా, చేదుగా ఉంటాయి. అవి తరతరాలుగా మందుగానే వాడుకలో ఉన్నాయి. కనుక వీటికి వేయవలసిన ప్రశ్నలు ఆహారానికి వేసేవి కావు, మందుకు వేసేవి. మోతాదు ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి కూడదు అన్నవి ఆ ప్రశ్నలు. ప్యాకెట్టు మీద కాఫీ అన్న మాట ఉండడం వలన ఈ ప్రశ్నలు ఎవరికీ తోచవు.

ఒక పక్కమాట. పాల పుట్టగొడుగు అన్న పేరు విని అది పాలు పడేందుకు మంచిదని ఎవరైనా భావిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. కేలోసైబ్ ఇండికా అనే ఆ జాతికి ఆ పేరు తెల్లని రంగును బట్టి వచ్చింది. స్తన్యవృద్ధికి దానికి సంబంధం లేదు. అయితే అది మంచి ఆహారం. 30 నుంచి 35 డిగ్రీల ఉష్ణోగ్రతలో కూడా దిగుబడి ఇస్తుంది కనుక రాయలసీమ వాతావరణానికి తగినది.

కాఫీ భాగం: లెక్కకు అందేది

ఈ మిశ్రమంలో బాగా తెలిసిన భాగం కెఫీన్. తల్లి తాగిన గంట సుమారులో అది పాలలో అత్యధిక స్థాయికి చేరుతుంది. తల్లి తీసుకున్న మొత్తంలో పాలలోకి వచ్చేది దాదాపు ఒక శాతమే. శరీర బరువును బట్టి లెక్కిస్తే బిడ్డకు చేరే మోతాదు తల్లి మోతాదులో 7 నుంచి 10 శాతం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో వెలువరించిన అభిప్రాయం ప్రకారం పాలిచ్చే తల్లి రోజుకు 200 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ తీసుకోవడం వలన శిశువుకు ఆందోళన కలిగించే ప్రమాదం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలలో ఇచ్చిన విలువల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంటే రోజుకు రెండు కప్పుల కాఫీ, లేదా ఒక కప్పు కాఫీతో పాటు రెండు కప్పుల టీ తాగే తల్లి సాధారణంగా ఈ పరిమితిలోనే ఉంటుంది.

విద్యార్థులు ఈ లెక్కను చివరి వరకు చేసి చూడడం మంచిది. 50 కిలోల బరువున్న తల్లి 200 మిల్లీగ్రాములు తీసుకుంటే కిలోకు 4 మిల్లీగ్రాములు. అందులో 10 శాతం బిడ్డకు చేరిందనుకుంటే కిలోకు 0.4 మిల్లీగ్రాములు. ఇది స్వల్పమే. కాని పెద్దవారిలో అయిదు గంటల ప్రాంతంలో ఉండే కెఫీన్ అర్ధాయువు నవజాత శిశువులో 80 గంటల వరకు, నెలలు నిండకుండా పుట్టిన వారిలో 100 గంటల వరకు ఉండవచ్చు. దానిని విచ్ఛిన్నం చేయవలసిన ఎంజైము పసిబిడ్డ కాలేయంలో ఇంకా పని ప్రారంభించదు. నిన్నటి కెఫీన్‌లో దాదాపు 80 శాతం ఈ రోజుకు మిగులుతుంది, దానిపై ఈ రోజుది చేరుతుంది. ఇలా నిలకడకు వచ్చేసరికి శరీరంలో ఉండేది ఒక రోజు మోతాదుకు సుమారు అయిదు రెట్లు, అనగా కిలోకు 2 మిల్లీగ్రాములు. మూడు నుంచి అయిదు నెలల వయసుకు అర్ధాయువు 14 గంటల ప్రాంతానికి దిగుతుంది. ఆరు నెలలు నిండేసరికి పెద్దవారి స్థాయికి వస్తుంది.

కిలోకు 2 మిల్లీగ్రాములు ఎక్కువా, తక్కువా? నెలలు నిండని శిశువులు ఊపిరి మరచిపోయే స్థితికి నవజాత శిశు విభాగాలలో ఇచ్చే మందు కెఫీన్ సిట్రేటే. దాని తొలి మోతాదులో కిలోకు 10 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కనుక మితంగా కాఫీ తాగే తల్లిని భయపెట్టడానికి శాస్త్రంలో ఆధారం లేదు. అతిగా తాగినప్పుడు బిడ్డ నిద్ర లేమి, చికాకు, వణుకు చూపవచ్చు. తొలి మాసాలలో పేరుకుపోవడాన్ని దృష్టిలో ఉంచుకొని కప్పులు తగ్గించుకోవడం, పాలిచ్చిన వెంటనే తాగడం సరిపోతుంది.

పుట్టగొడుగు కాఫీలో సగం కాఫీయే ఉంటుంది కాబట్టి కెఫీన్ తక్కువని ప్రచారం చేస్తారు. కొన్ని ప్యాకెట్లలో అది నిజం కావచ్చు. లేబులుపై మిల్లీగ్రాములలో రాసి ఉంటేనే దానిని లెక్కలోకి తీసుకోవాలి. కెఫీన్ తగ్గిందన్న కారణంతో రోజుకు నాలుగు కప్పులు తాగితే తగ్గిందేమీ ఉండదు. పుట్టగొడుగు సారం మోతాదు మాత్రం నాలుగింతలవుతుంది.

పుట్టగొడుగు భాగం: కొలత లేనిది

కెఫీన్ విషయంలో చేసిన లెక్కను రీషి విషయంలో చేయబోతే మొదటి అడుగులోనే ఆగిపోవలసి వస్తుంది. లెక్కకు కావలసినవి మూడు. తల్లి రక్తంలో ఆ పదార్థం ఎంత, పాలలో ఎంత, శిశువు దానిని ఎంత కాలంలో వదిలించుకుంటుంది. రీషి, చాగా, కార్డిసెప్స్ సారాల విషయంలో పాలిచ్చే తల్లులలో కొలిచి నిర్ధారించిన విలువలు లేవు. పాలిచ్చేటప్పుడు వాడవద్దని అనేక ఉత్పత్తులపై వారే ముద్రించడానికి కారణం హాని రుజువు కావడం కాదు, భద్రత రుజువు కాకపోవడం.

విలువలు లేకపోయినా రసాయన శాస్త్రం కొంత దారి చూపుతుంది. ఒక పదార్థం రక్తం నుంచి పాలలోకి చేరడం దాని అణుభారం, కొవ్వులో కరిగే గుణం, రక్తంలోని ప్రోటీన్లకు అంటుకునే తీరు మీద ఆధారపడుతుంది. కెఫీన్ అణుభారం 194, కనుక సులువుగా వెళ్తుంది. శిలీంధ్రాల ప్రధాన ఔషధాంశంగా చెప్పే బీటా గ్లూకాన్లు లక్షల అణుభారం గల పెద్ద చక్కెర గొలుసులు. ఇవి పేగుల నుంచే పూర్తిగా రక్తంలో చేరవు, పాలలోకి వచ్చే అవకాశం అతి తక్కువ. ఈ భాగం గురించి పెద్దగా ఆందోళన చెందనక్కరలేదు. రీషి చేదుకు కారణమైన గానోడెరిక్ ఆమ్లాల సంగతి వేరు. ఇవి 500 ప్రాంతపు అణుభారంతో, కొవ్వులో కరిగే ట్రైటర్పీనులు. పాలలోకి రావు అని ముందుగానే తోసివేయదగినవి కావు. కార్డిసెప్స్‌లోని కార్డిసెపిన్ మన కణాలలో సహజంగా ఉండే ఎడినోసిన్‌ను పోలిన చిన్న అణువు. కెఫీన్ పనిచేసేది ఎడినోసిన్ గ్రాహకాలను అడ్డగించడం ద్వారానే. ఒకే కప్పులో ఎడినోసిన్‌ను అడ్డగించేది, ఎడినోసిన్‌ను పోలినది రెండూ కలిస్తే పసిబిడ్డ మెదడుపై మొత్తం ప్రభావం ఎటు ఉంటుందో ఊహతో చెప్పకూడదు. ప్రసవమైన మొదటి నాలుగైదు రోజులలో స్తనంలోని పాల కణాల నడుమ సందులు ఇంకా మూసుకోవు. పెద్ద అణువులు కూడా అప్పుడు పాలలోకి దాటగలవు. బాలింతకు బలానికని ఏదైనా ఇచ్చే రోజులు సరిగ్గా అవే కావడం గమనించదగినది.

తల్లికి సంబంధించిన ఆధారాలు మరికొంత స్పష్టం. రీషి సారం రక్తంలోని ప్లేట్‌లెట్లు గుమికూడడాన్ని తగ్గించగలదని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. ప్రసవానంతరం రక్తస్రావం ఇంకా ఆగని తల్లికి, సిజేరియన్ తరువాత రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్న తల్లికి ఇది పట్టించుకోవలసిన విషయం. రీషి పొడి వాడకంతో ముడిపడిన ప్రాణాంతక కాలేయ వైఫల్యం ఒకటి 2007లో థాయ్‌లాండ్ వైద్య పత్రికలో నమోదయింది. జపాన్‌లో కాలేయ క్యాన్సరు ఉన్న 72 ఏళ్ల మహిళ ఆరు నెలల పాటు రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి తీసుకొని మూత్రపిండాలు చెడిపోయిన ఉదంతం 2014లో వెలువడింది. పరీక్షలో మూత్రపిండ నాళికలలో ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి. చాగాలో ఆక్సలేట్లు అధికం. ఒక్కొక్క ఉదంతం నుంచి సాధారణ నియమం తీయరాదని, అక్కడి మోతాదు కాఫీ ప్యాకెట్టులోని దానికన్నా చాలా ఎక్కువని ఒప్పుకోవాలి. అయినప్పటికీ ఇవి సహజమైనవి కనుక ఎంత తిన్నా హాని లేదన్న వాదనకు ఈ రెండు ఉదంతాలు చాలినంత సమాధానం.

నాణ్యత మరొక చిక్కు. శిలీంధ్రాలు తాము పెరిగే ఆధారం నుంచి కాడ్మియం, సీసం, పాదరసం వంటి భార లోహాలను పీల్చి నిలువ చేసుకుంటాయి. సారం తీసినప్పుడు ఇవి కూడా చిక్కబడవచ్చు. సీసం తల్లిపాలలోకి వస్తుంది. మరొకవైపు, కొన్ని ఉత్పత్తులలో ఉండేది పుట్టగొడుగే కాదు. వరి లేదా ఇతర ధాన్యంపై పెరిగిన శిలీంధ్ర తంతువును ధాన్యంతో సహా పొడి చేసినది. కాఫీ కలపని పొడి చేతికి వస్తే విద్యార్థులు అయోడిన్ చుక్కతో దీనిని గమనించవచ్చు. శిలీంధ్రాలలో పిండి పదార్థం ఉండదు, నిలువ ఆహారం గ్లైకోజెన్ రూపంలో ఉంటుంది. పొడి నల్లని నీలిరంగుకు మారితే అందులో ధాన్యం ఉన్నట్టే. ఇది అసలు నకిలీలను గురించి కొంత చెప్పే పరీక్షే తప్ప భద్రతను గురించి ఏమీ చెప్పదు.

చెట్టు మొదలు మీది గానోడెర్మా

రీషి పేరు విదేశీయమే గాని గానోడెర్మా తెలుగు నేలకు కొత్త కాదు. వృక్షరోగ శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికి అది శత్రువుగా పరిచయం. కొబ్బరిలో కాండం మొదలు నుంచి జిగురు కారి చెట్టు ఎండిపోయే గానోడెర్మా తెగులును 1952లో తంజావూరు ప్రాంతంలో గుర్తించారు. గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు అది ఇప్పటికీ సమస్య. రాయలసీమలో కానుగ, తుమ్మ, సిరిసం వంటి చెట్ల మొదళ్ల మీద వానాకాలం తరువాత గోధుమ ఎరుపు రంగులో, వార్నిష్ పూసినట్టు మెరుస్తూ, విసనకర్ర ఆకారంలో కనిపించే గట్టి చిప్పలు ఈ ప్రజాతికి చెందినవే.

ఇక్కడే అసలైన స్థానిక ప్రమాదం ఉంది. ప్యాకెట్టు మీది బొమ్మను, చెట్టు మీది చిప్పను పోల్చి చూసి, అంగడిలో వందల రూపాయలు పెట్టి కొనేది తన చేను గట్టున ఉచితంగా ఉందని ఎవరికైనా తోచవచ్చు. గానోడెర్మా ప్రజాతిలో జాతులను కంటితో వేరు చేయడం నిపుణులకే కష్టం. చాలాకాలం గానోడెర్మా లూసిడమ్ అని పిలిచిన తూర్పు ఆసియా జాతి ఐరోపాలోని అదే పేరు గల జాతికి భిన్నమైనదని తేల్చి 2012లో దానికి గానోడెర్మా లింగ్‌జీ అనే కొత్త పేరు పెట్టారు. అంతకు ముందు జరిగిన అధ్యయనాలలో ఏది ఏ జాతిపై జరిగిందన్న సందేహం అలాగే మిగిలింది. భారతదేశపు చెట్లపై లూసిడమ్ పేరుతో నమోదైనవన్నీ ఆ ఔషధ జాతులే అనుకోవడానికి వీలులేదు. పైగా తెగులు సోకిన చెట్టుకు శిలీంధ్రనాశిని పోసి ఉండవచ్చు, రోడ్డు పక్క చెట్టయితే వాహనాల పొగలోని లోహాలు చేరి ఉండవచ్చు. చెట్టు మీది చిప్పను కాచి బాలింతకు ఇవ్వడాన్ని విస్తరణ సిబ్బంది నిస్సంకోచంగా వారించాలి. ఈ ఒక్క విషయంలో మెతకదనం పనికిరాదు.

ఎండ, నీరు, ఇనుము

ఒకే పానీయం అన్ని ప్రాంతాలలో ఒకే ఫలితం ఇవ్వదు. కర్నూలు, కడప జిల్లాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. అటువంటి వేడిలో బిడ్డకు పాలిచ్చే తల్లికి నీటి అవసరం మరింత పెరుగుతుంది. అయినా బాలింత నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు వస్తుందని, చలువ చేస్తుందని నీటిని కట్టడి చేసే ఆచారం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. నీరు తగ్గినప్పుడు మూత్రం చిక్కబడి ఆక్సలేట్ స్ఫటికాలు కట్టే అవకాశం పెరుగుతుంది. దప్పిక ఉన్న తల్లికి చాగా కలిపిన కాఫీని బలవర్ధకంగా ఇవ్వడం ఈ దృష్ట్యా తలకిందుల పని. మూత్రపిండాలలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్న తల్లి విషయంలో సందేహానికి తావే లేదు.

ఇనుము సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరుసగా చూపుతున్నాయి. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద బాలింతకు 180 రోజుల పాటు రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్ర ఇస్తారు. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ మానాలని జాతీయ పోషకాహార సంస్థ చెప్పడానికి కారణం వాటిలోని టానిన్లు ఇనుమును పట్టి ఉంచడమే. ఇది పుట్టగొడుగు కాఫీకి కూడా వర్తిస్తుంది, అందులో సగం కాఫీయే కనుక. కోస్టారికాలో జరిపి 1988లో ప్రచురించిన అధ్యయనంలో రోజూ ఎక్కువగా కాఫీ తాగే తల్లుల పాలలో ఇనుము తక్కువగాను, వారి శిశువులలో హీమోగ్లోబిన్ తక్కువగాను కనిపించాయి. ఇనుము మాత్రను ఉదయం కాఫీతోనే మింగే అలవాటును మార్పించడం వలన కలిగే మేలు ఏ ఔషధ శిలీంధ్రం గురించిన చర్చకన్నా ఎక్కువ.

ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి మిరప కోతకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబాలలో చంటిబిడ్డ తల్లులు కూడా ఉంటారు. చేలో ఆకలిని వాయిదా వేసే సాధనం గ్లాసుడు టీ. ఆకలిని అణచే పానీయం ఏదైనా, అది ఎంత ఖరీదైనదైనా, పాలిచ్చే తల్లికి ఆహారం కాదు. తొలి ఆరు నెలలలో ఆమెకు రోజుకు అదనంగా కావలసినది 600 కిలోకెలరీలు, సుమారు 17 గ్రాముల ప్రోటీను. ఒక కప్పు మిశ్రమంలో రెండు గ్రాముల పుట్టగొడుగు పొడి ఉన్నదనుకొని, అందులో నాలుగో వంతు ప్రోటీనే అని ఉదారంగా లెక్కించినా వచ్చేది అర గ్రాము. కర్నూలు నల్లరేగడిలో పండే శనగలను వేయించి పిడికెడు, అనగా 30 గ్రాములు తింటే ఆరు గ్రాములు వస్తుంది. అంతే తూకం వేరుశనగలో ఏడు గ్రాములకు పైగా ఉంటుంది. ఒక పుట్టగొడుగు కాఫీ ప్యాకెట్టు ధరకు నెల రోజులకు సరిపడా గుడ్లు వస్తాయి. ఈ పోలికను ఒక్కసారి నల్లబల్ల మీద వేసి చూపితే ఉపన్యాసం అక్కరలేదు.

మహిళా సంఘాలు తయారు చేయదలచితే

మిగిలిన పంటను పొడి చేసి కాఫీలో కలిపి అమ్మవచ్చునా అని స్వయం సహాయక సంఘాలు అడగడం సహజం. ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఆహార జాతి. ఉడికించి తిన్నప్పుడు పాలిచ్చే తల్లికి దానిపై నిషేధం లేదు, అలర్జీ ఉన్నవారు తప్ప. ముక్కలు చేసి ఎండలో ఆరబెట్టినప్పుడు అందులోని ఎర్గోస్టెరాల్ సూర్యరశ్మికి విటమిన్ డి2గా మారుతుంది. ఇది నిజమైన లాభం, రాయలసీమలో ఎండకు కరువూ లేదు. అయితే ఆ పొడిని కాఫీలో కలపడం వలన పోషక విలువకు చేరేది స్వల్పం. పుట్టగొడుగు కాఫీ అన్న పేరు పెట్టగానే కొనేవారు దానికి రీషి గుణాలను ఆపాదిస్తారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చట్నీ పొడి, రసం పొడి దారి ఎంచుకున్నది. అన్నంలో, రాగి సంగటిలో, జొన్న రొట్టెతో చెంచాల కొద్దీ తినగలిగే రూపం అది. సంఘాలకు చూపవలసిన దారి కూడా అదే.

ఏ పొడి చేసినా గడ్డి శుద్ధి విధానాన్ని పునరాలోచించాలి. చాలా శిక్షణ కరపత్రాలలో 100 లీటర్ల నీటికి 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మాలిన్ కలిపి గడ్డిని 18 గంటలు నానబెట్టే రసాయన పద్ధతి ఉంటుంది. తాజా పుట్టగొడుగులో 90 శాతం నీరే. ఎండబెట్టితే పది కిలోలు కిలో అవుతుంది, ఆవిరి కాని అవశేషం ఏదైనా ఉంటే అదీ అంతే చిక్కబడుతుంది. పసిబిడ్డల తల్లులు తినే పొడికి వేడినీటితో లేదా ఆవిరితో శుద్ధి చేసిన గడ్డినే వాడాలి. పురుగుమందులు విస్తారంగా కొట్టిన పత్తి కట్టె, పత్తి వ్యర్థం కన్నా కె.సి. కాలువ కింది వరిగడ్డి, జొన్న చొప్ప మేలు. సరిగా ఆరని పొడిలో బూజులు పెరుగుతాయి కనుక పెళుసుగా విరిగే వరకు ఆరబెట్టి గాలి చొరని సంచులలో నిలువ చేయాలి.

చట్టం వైపు చూస్తే, ఔషధ శిలీంధ్ర సారాలున్న ఉత్పత్తులు ఆరోగ్య అనుబంధ ఆహారాలు, న్యూట్రాస్యూటికల్స్‌కు సంబంధించిన 2016 నిబంధనల పరిధిలోకి వస్తాయి. వాటిపై వైద్య ఉపయోగానికి కాదన్న ప్రకటన, రోజుకు మించరాని మోతాదు ఉండాలి. వ్యాధిని నయం చేస్తుందనే ప్రచారాన్ని 2018 ప్రకటనల నిబంధనలు అనుమతించవు. 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నంత మాత్రాన ఆ ఉత్పత్తి పాలిచ్చే తల్లులకు క్షేమమని ప్రభుత్వం ధ్రువీకరించినట్టు కాదు. తయారీదారు నమోదై ఉన్నాడని మాత్రమే దాని అర్థం. ఈ తేడా గ్రామాలలో చాలామందికి తెలియదు.

ఇప్పటికే తాగిన తల్లికి

తెలియక కొన్నాళ్లు తాగిన తల్లి భయంతో ప్రశ్నిస్తే ఇవ్వవలసిన మొదటి సమాధానం పాలివ్వడం ఆపవద్దని. కప్పు మానడం సులువు. తల్లిపాలు మాన్పించి పోతపాలు పట్టడం, అందునా శుభ్రమైన నీరు అరుదైన చోట, పుట్టగొడుగు కాఫీ వలన ఊహించగల ఏ హాని కన్నా పెద్ద హాని. పానీయం ఆపిన తరువాత బిడ్డ నిద్ర, పాలు తాగే తీరు, మూత్రం గమనిస్తే చాలు. బిడ్డ వణుకుతున్నా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఒంటిపై దద్దుర్లు లేచినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి పంపాలి. తల్లికి కళ్లు పచ్చబడినా, నడుము పక్క నొప్పితో మూత్రం తగ్గినా, ఆగిన రక్తస్రావం తిరిగి మొదలైనా అదే మాట. వెళ్లేటప్పుడు ప్యాకెట్టును పారవేయక వెంట తీసుకుపోవాలి. జాతి పేరు, పొడియా సారమా, మిల్లీగ్రాములు, బ్యాచ్ సంఖ్య, ఎన్ని రోజులు ఎన్ని కప్పులు అన్నవి ఒక కాగితంపై రాసి ఇస్తే వైద్యుని పని సగం తేలికవుతుంది. ఆ కాగితం రాయడానికి, లేబులుపై చిన్న అక్షరాలలో ఉన్న శిలీంధ్రం పేరును చదివి అది ఏమిటో చెప్పడానికి, ఊరిలో ఎక్కువ అనువైనవాడు వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తే.